దిగే చోటు తెలిసిన రెక్కలు

ఓడలరేవులో గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర నేల రెండు రకాలుగా ఉంటుంది. అల ఇప్పుడే తడిపి వెనక్కి పోయిన ఇసుక నున్నగా, గట్టిగా ఉంటుంది. దాని మీద మోటార్‌సైకిల్ హాయిగా పోతుంది. పది అడుగులు పైకొస్తే పొడి ఇసుక. అక్కడ మనిషి మడమే దిగబడిపోతుంది. పోటు వస్తే గట్టి ఇసుక మునిగిపోతుంది, పాటుకి మళ్ళీ తేలుతుంది. అవతలి ఒడ్డు కరవాక. ఇవతల సరుగుడు తోటలు, వాటి వెనక ఓఎన్‌జీసీ టెర్మినల్. వేటకు పోయేవాళ్ళను మొగ గురించి అడిగితే చెప్పే మాట ఒక్కటే: "ఏటా జరిగిపోతాది బాబూ. నిరుటి లోతు ఈ ఏడు ఉండదు."

ఈ పాయ పేరు వైనతేయ. వినత కొడుకు గరుత్మంతుడి పేరు. తల్లిని దాస్యం నుంచి విడిపించడానికి అమృతం తేబోయిన ఆ పక్షి కథను నన్నయ ఇక్కడికి ఎగువన రాజమహేంద్రవరంలోనే తెలుగు చేశాడు. అందులో ఒక ఘట్టం ఉంది. ఏనుగునూ తాబేలునూ గోళ్ళతో పట్టుకుని గరుడుడు ఒక మహావృక్షం కొమ్మ మీద వాలతాడు. కొమ్మ విరుగుతుంది. దానికి తలకిందులుగా వేలాడుతూ వాలఖిల్య మునులు తపస్సు చేసుకుంటున్నారు. కింద పడితే వాళ్ళకు ప్రమాదమని ఆ కొమ్మను ముక్కున కరచుకుని, దించే చోటు లేక ఆకాశంలో తిరుగుతాడు. చివరకు తండ్రి కశ్యపుడు మనిషి అలికిడి లేని మంచుకొండ ఒకటుందని చెబితే అక్కడ వదులుతాడు. రెక్కల సత్తువకు లోటు లేదు, మోసే బలానికి లోటు లేదు. కష్టమంతా దించే చోటు దగ్గరే వచ్చింది.

సైనిక రవాణా విమానాలను ప్రత్యేక దళాల పనికి మలుచుకున్న ఎనభై ఏళ్ళ చరిత్రను చదువుతూ పోతే నాకు ఈ ఘట్టమే మళ్ళీ మళ్ళీ ఎదురైంది. విమానంలో ఏం అమర్చారన్నదాని మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. గెలుపోటములు మాత్రం ఎక్కువసార్లు దిగే నేల మీద, పడే నీటి మీద తేలిపోయాయి. ఈ వ్యాసంలో ఆ కోణం నుంచే మొత్తం విషయాన్ని చూస్తాను. చూసి, మన తీరానికి అందులో ఏముందో అడుగుతాను.

ముందు మార్పు అంటే ఏమిటో చెప్పుకోవాలి. మామూలు రవాణా విమానం ఒక రన్‌వే నుంచి ఇంకో రన్‌వేకి బరువు మోస్తుంది. పగలు, దీపాలు, రేడియోలో దారి చెప్పే మనిషి, అన్నీ ఉంటాయి. ప్రత్యేక దళాల విమానానికి ఇవేవీ ఉండవు. చీకట్లో, కొండలకూ చెట్లకూ కాస్త పైగా, దీపాలార్పి పోవాలి. చెప్పిన చోట, చెప్పిన నిమిషానికి మనుషులను దించాలి, లేదా తెచ్చుకోవాలి. అందుకని ముక్కు కింద వేడిని పసిగట్టే పరారుణ కన్ను పెడతారు. చీకట్లో చూపించే కళ్ళద్దాలు పెట్టుకున్న పైలట్‌కు అడ్డం రాకుండా కాక్‌పిట్ దీపాలు మారుస్తారు. నేల ఎత్తుపల్లాలను చదివే రాడార్, క్షిపణిని పక్కదారి పట్టించే మంటల గుళ్ళు, గాల్లోనే ఇంధనం పుచ్చుకునే ఏర్పాటు, గరుకు నేలకు తట్టుకునే చక్రాలు చేరుతాయి. వెనక వాలుగా తెరుచుకునే పెద్ద తలుపు మొదటి నుంచీ ఉన్నదే. దాన్ని ఎగురుతూ తెరిచి జీపునో పడవనో వదలడం మాత్రం వేరే విద్య.

ఈ మార్పుల్లో లోకం ఎక్కువగా చెప్పుకునేది తుపాకుల విమానం గురించి. ఓడలరేవులో చేపలు ఎండబెట్టిన చోట గద్ద ఒక వైపుకు ఒరిగి, చూపు ఒకే చోట నిలిపి, గుండ్రంగా తిరుగుతుంది చూడండి. అచ్చం అలాగే విమానాన్ని ఎడమకు ఒరిగించి చుట్టూ తిప్పితే పక్క కిటికీలోంచి పేల్చిన తుపాకీ ఒకే చోట తగులుతూ ఉంటుంది. 1964లో వియత్నాంలో అమెరికన్లు పాత డకోటా రవాణా విమానాలతో ఈ పని మొదలుపెట్టారు. ఆ తరువాత సి-130 హెర్క్యులిస్ వచ్చింది, దానిలో 105 మిల్లీమీటర్ల ఫిరంగి దాకా చేరింది. నా దృష్టిలో ఇది మనం ఆశపడాల్సిన దారి కాదు. ఎదుటివాడి దగ్గర క్షిపణి లేనంతసేపే గద్దకు రాజ్యం. 1991 జనవరి 31న కువైట్ సరిహద్దులో ఖఫ్జీ దగ్గర తెల్లవారేదాకా పైనే ఉండిపోయిన ఒక తుపాకుల హెర్క్యులిస్ కూలి 14 మంది పోయారు. వెలుతురే వాళ్ళ ప్రాణం తీసింది.

మనవాళ్ళూ రవాణా విమానాన్ని బాంబర్‌గా వాడినవాళ్ళే. 1947-48 కాశ్మీర్ యుద్ధంలో డకోటాల తలుపులోంచి బాంబులు దొర్లించారు. 1971 డిసెంబర్ 3 రాత్రి 44వ స్క్వాడ్రన్‌కు చెందిన ఏఎన్-12లు పాకిస్తాన్‌లో ఛాంగామాంగా అడవిలోని ఆయుధ నిల్వల మీద బాంబులు కురిపించి వచ్చాయి. సాహసంలో వాటికి తక్కువేమీ లేదు. అయినా మన రవాణా విమానాల అసలు కథ అది కాదు. దిగడమే వాటి కథ.

1947 అక్టోబర్ 27న మొదటి సిక్కు పటాలాన్ని మోసుకుని డకోటాలు శ్రీనగర్ మీదికి వెళ్ళినప్పుడు ఆ ఎయిర్‌ఫీల్డ్ ఇంకా మన చేతిలో ఉందో లేదో ఎవరికీ ఖాయంగా తెలియదు. పైనుంచి తిరిగి చూసుకుని, ఖాళీగా ఉందని నమ్మి దిగారు. మరుసటి ఏడాది మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటాను లేహ్‌లో దించాడు. సముద్రానికి సుమారు 11,000 అడుగుల ఎత్తున, సింధు నది ఒడ్డు ఇసుక నేల మీద, ఇంజనీర్ సోనమ్ నోర్బు కూలీలతో సాపు చేయించిన పట్టీ అది. పక్కన జనరల్ తిమ్మయ్య కూర్చున్నాడు. ఆ విమానంలో ప్రత్యేకంగా బిగించిన పరికరం ఒక్కటీ లేదు. నేలను చేత్తో తడిమి చూసి తయారుచేసిన మనిషి ఒకడు కింద ఉన్నాడు, అతని మాట నమ్మిన పైలట్ పైన ఉన్నాడు. తరవాతి రోజుల్లో కోట్లు పోసి చేసిన ప్రయోగాలన్నిటికన్నా ఈ జోడీ నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది.

ఇసుకను నమ్మి దెబ్బతిన్న కథ ఇంకోటి ఉంది. ఓడలరేవు ఒడ్డున పొడి ఇసుకలో నడిచినవాళ్ళకు అది తొందరగా అర్థమవుతుంది. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లో బందీలైన తమవాళ్ళ కోసం అమెరికా ఆరు హెర్క్యులిస్‌లనూ ఎనిమిది హెలికాప్టర్లనూ పంపింది. ఇరాన్ ఎడారిలో ఒక చోట అన్నీ కలుసుకుని, హెర్క్యులిస్‌లలోని ఇంధనం హెలికాప్టర్లకు పోయాలి. సుమారు మూడు వారాల ముందే జాన్ కార్నీ అనే అధికారి చిన్న విమానంలో రాత్రిపూట అక్కడ దిగి, మట్టి నమూనాలు తీసుకుని, దూరం నుంచి వెలిగించగల దీపాలను నేలలో పాతి వచ్చాడు. నేల గట్టిగా ఉందని తేలింది. తీరా ఏప్రిల్ 24 రాత్రి విమానాలు దిగేసరికి దాని మీద చీలమండ లోతున మెత్తటి దుమ్ము పేరుకుని ఉంది. హెలికాప్టర్లు మధ్యలో పాడై అయిదే మిగలడంతో పని మానుకున్నారు. తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుండగా దుమ్ము మేఘంలో ఒక హెలికాప్టర్ హెర్క్యులిస్‌ను గుద్దింది. ఎనిమిది మంది కాలిపోయారు. మూడు వారాల్లో నేల మారింది. ఆ మారినదాన్ని మళ్ళీ చూసి చెప్పే మనిషి అక్కడ లేడు.

ఆ ఓటమి తరువాత వాళ్ళు ఏం చేశారన్నది కూడా ఆలోచించదగిందే. రెండో ప్రయత్నానికని ఒక హెర్క్యులిస్‌కు ముందూ వెనకా కిందా రాకెట్లు బిగించారు. టెహ్రాన్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో దిగి, అక్కడి నుంచే లేవాలని. అదే ఏడాది అక్టోబర్ 29న పరీక్షలో వేగం తగ్గించే రాకెట్లు నేల తాకకముందే మండి విమానం కూలబడింది, రెక్క విరిగింది. లోపలివాళ్ళు అదృష్టవశాత్తు బతికారు. ఆ దారి అక్కడితో ఆగింది. అసలైన దిద్దుబాటు ఇంకోచోట జరిగింది. ఎవరి పైలట్లు వాళ్ళు, ఎవరి శిక్షణ వాళ్ళు అన్న పద్ధతి వదిలి 1987లో ప్రత్యేక దళాలన్నిటికీ ఒకే కమాండ్ పెట్టారు. నేలను ముందే పోయి పరీక్షించే బృందాలు వాళ్ళకు శాశ్వతమయ్యాయి. ఇనుప కడ్డీని నేలలో కొట్టి, ఎన్ని దెబ్బలకు ఎంత దిగిందో లెక్కపెట్టి, ఇది ఇంత బరువును మోస్తుందని చెప్పేవాళ్ళు.

ఇరాన్ ఎడారి ఓటమికి నాలుగేళ్ళ ముందు ఎంటెబ్బేలో ఇజ్రాయెల్ గెలవడానికి కారణం కూడా దిగే చోటు తెలియడంలోనే ఉంది. 1976 జులై 3 రాత్రి నాలుగు హెర్క్యులిస్‌లు సుమారు 4,000 కిలోమీటర్లు ఎగిరి ఉగాండాలో దిగి వంద మందికి పైగా బందీలను తెచ్చాయి. బందీలను ఉంచిన ఆ టెర్మినల్‌ను కట్టింది ఒక ఇజ్రాయెల్ కంపెనీయే. ఏ గోడ ఎక్కడుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వాళ్ళకు కాగితం మీద ఉంది.

మన వైపు అంత స్థాయి కథ మాల్దీవులది. 1988 నవంబర్ 3న అధ్యక్షుడు గయూమ్ మీద కిరాయి సైనికులు తిరగబడితే ఆ రాత్రే ఆగ్రా నుంచి ఐఎల్-76 విమానాలు పారా సైనికులతో హుల్హులే దీవిలో దిగాయి. నాలుగు వైపులా సముద్రం, మధ్యలో సన్నటి రన్‌వే. ఆగ్రాలో పథకం గీస్తున్నప్పుడు అధికారుల ముందున్న ఫొటో హుల్హులేది కాదనీ, దక్షిణాన ఎక్కడో ఉన్న గాన్ దీవిదనీ అక్కడి మన రాయబారి బెనర్జీ గుర్తుపట్టాడు. ఆయన ఆ సమయానికి దేశంలో ఉండడం మన అదృష్టం. తిరుగుబాటుదార్లు ఓడలో పారిపోతే వెంటాడి ఆపిన యుద్ధనౌకల్లో ఐఎన్ఎస్ గోదావరి ఒకటి. మన నది పేరు పెట్టుకున్న ఓడ అది. ఆకాశం నుంచి దిగినవాళ్ళూ సముద్రం మీద కాచినవాళ్ళూ కలిసి ముగించిన పని అది.

ఇరవై ఏళ్ళ తరువాత ముంబయిలో ఇంకో పాఠం నేర్చుకున్నాం, చాలా ఖరీదు పెట్టి. 2008 నవంబర్ 26న ఉగ్రవాదులు దాడి చేసిన రాత్రి ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఢిల్లీలో సిద్ధమైనా వాళ్ళను మోయాల్సిన ఐఎల్-76 చండీగఢ్‌లో ఉంది. అది వచ్చి, వాళ్ళను ఎక్కించుకుని ముంబయి చేరేసరికి తెల్లవారింది. ఆ తరువాతే హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు పెట్టారు. విమానం గొప్పదనం అది ఎంత బరువు మోస్తుందన్నదాంట్లో ఎంత ఉందో, ఆ రాత్రి ఎక్కడ నిలిచి ఉందన్నదాంట్లోనూ అంతే ఉంది.

ప్రత్యేక దళాలను మనసులో పెట్టుకుని మన వాయుసేన కొన్న విమానం సి-130జె. 2008లో ఆరింటికి ఒప్పందం కుదిరింది, 2011లో హిండన్‌లో 77వ స్క్వాడ్రన్ చేతికి వచ్చాయి. తరువాత ఇంకో ఆరు పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్‌కు చేరాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కో దానికి ఆరు రెక్కల పంకా, 20 టన్నుల దాకా బరువు, ముక్కు కింద పరారుణ కన్ను. 2013 ఆగస్టు 20న అది లద్దాఖ్‌లో 16,614 అడుగుల ఎత్తున దౌలత్ బేగ్ ఓల్డీ మట్టి పట్టీ మీద దిగింది. ఆ చోటికి అంతకు ముందు, 2008లో, ఏఎన్-32 నలభై మూడేళ్ళ విరామం తరువాత వెళ్ళి దిగివచ్చి దారి చూపింది. 2024 జనవరిలో హెర్క్యులిస్ కార్గిల్ పట్టీ మీద రాత్రిపూట దిగింది.

వీటన్నిటిలో నేను ముందు పెట్టేది సూడాన్. 2023 ఏప్రిల్ 27 రాత్రి ఖార్తూమ్‌కు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వాదీ సెయిద్నా అనే చోట పాడైన రన్‌వే. దీపం లేదు, ఇంధనం లేదు, దారి చెప్పే గొంతు లేదు. మన సి-130జె పైలట్లు దగ్గరకొస్తూనే పరారుణ కన్నుతో రన్‌వే మీద అడ్డంకులు లేవనీ, చుట్టుపక్కల శత్రువులు లేరనీ చూసుకున్నారు. చీకటి కళ్ళద్దాలతో దించారు. ఇంజన్లు ఆపలేదు. ఎనిమిది మంది గరుడ్ కమాండోలు దిగి, అక్కడ చిక్కుకున్న 121 మందిని సామాన్లతో సహా ఎక్కించారు. వాళ్ళలో రోగులున్నారు, ఒక గర్భిణి ఉంది. మళ్ళీ చీకట్లోనే లేచి రెండున్నర గంటల్లో జెడ్డా చేరారు. 1947లో శ్రీనగర్ మీద డకోటా పైలట్ కళ్ళతో చేసిన పనినే ఇక్కడ పరికరం చేసింది: దిగేముందు నేలను చూసుకోవడం. 2004లో వాయుసేన తన కమాండోలకు గరుడ్ అని పేరు పెట్టినప్పుడు వైనతేయ పాయ వాళ్ళ మనసులో ఉండి ఉండదు. పేరుకు తగ్గ పని మాత్రం ఆ రాత్రి జరిగింది.

ఈ విద్యకు మనం కట్టిన మూల్యమూ చెప్పుకోవాలి. 2014 మార్చి 28న గ్వాలియర్ దగ్గర తక్కువ ఎత్తులో జంటగా ఎగిరే అభ్యాసం చేస్తున్న సి-130జెలలో ఒకటి ముందు విమానం వదిలిన గాలి సుడిలో చిక్కి కూలింది. అయిదుగురు పోయారు. నేలకు దగ్గరగా ఎగరడంలో తప్పు దిద్దుకోవడానికి చోటుండదు.

ఇక బంగాళాఖాతం. 2016 జులై 22 ఉదయం చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వాళ్ళలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ కేంద్రంలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు. విమానం మాయమైంది. ఓడలు, జలాంతర్గామి, విమానాలు, ఉపగ్రహాలు నెలల తరబడి వెతికాయి. ఏడున్నరేళ్ళ తరువాత, 2024 జనవరిలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మనిషి లేని చిన్న జలాంతర్గామి తీసిన ఫొటోల్లో శకలాలు కనిపించాయి. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. విశాఖలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు ఏడున్నరేళ్ళు ఎదురుచూశారు. నేల మీద దిగడం గురించి ఇంత నేర్చుకున్న మనం నీటి మీద పడినదాన్ని వెతకడంలో ఎంత వెనకబడ్డామో ఆ ఎదురుచూపే చెబుతుంది. ప్రత్యేక దళాల విమానం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఈ విమానాల తయారీలో మనవాళ్ళ చెయ్యి ఎంతుందో చాలామందికి తెలియదు. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో టాటా-లాక్‌హీడ్ ఉమ్మడి ఫ్యాక్టరీ ఉంది. ప్రపంచంలో ఏ దేశానికి పోయే సి-130జెకైనా తోక భాగం అక్కడే తయారవుతుంది. ఇప్పటికి 200కు పైగా తోకలు అక్కడి నుంచి పోయాయి. అమెరికా ప్రత్యేక దళాల కోసం మలిచే రకాలకు పునాది కూడా ఈ విమానమే. 2021లో కుదిరిన ఒప్పందం ప్రకారం మనం తీసుకుంటున్న 56 సి-295 రవాణా విమానాల్లో 40 వడోదరలో తయారవుతున్నాయి, వాటి పెద్ద భాగాల కూర్పు హైదరాబాద్‌లో జరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో రక్షణ కొనుగోళ్ల మండలి నౌకాదళానికీ తీరరక్షక దళానికీ సముద్ర నిఘాకు పనికొచ్చే విమానాలకు ఆమోదం ఇచ్చింది. రవాణా విమానం ఒళ్ళును సముద్రాన్ని చూసే కన్నుగా మార్చడమే దాని వెనకున్న ఆలోచన. మన తీరానికి నిజంగా కావలసిన మార్పు ఇదే. తుపాకులు కావు.

సముద్రం మీద ఏం చేయవచ్చో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. సోమాలియా దొంగలు ఎంవీ రూయెన్ అనే సరుకు ఓడను పట్టుకుని, దాన్నే స్థావరంగా వాడుతున్నారు. ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చోటికి వాయుసేన సి-17 రవాణా విమానం ఒకటి వెళ్ళి, రెండు రబ్బరు పడవలనూ 18 మంది నౌకాదళ మార్కోస్ కమాండోలనూ పారాచూట్లతో సముద్రంలోకి వదిలింది. ముందు పడవలు వెనక తలుపులోంచి జారి, పారాచూట్లు విచ్చుకుని నీళ్ళమీద వాలాలి. వాటి వెంటే మనుషులు దూకాలి. నీళ్ళలో పారాచూట్ తాళ్ళు విప్పుకుని, ఈది, పడవ పట్టుకుని, ఇంజను వేసి, ఓడను చేరాలి. గాలి కాస్త ఎక్కువ వీచినా పడవ ఒక చోట, మనిషి ఒక చోట. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది నావికులు క్షేమంగా బయటపడ్డారు. మార్కోస్‌కు విశాఖ పాత ఇల్లు. 2016లో భీమిలి దగ్గర వాళ్ళ స్థావరానికి ఐఎన్ఎస్ కర్ణ అని పేరు పెట్టారు.

ఇక్కడి నుంచి ఓడలరేవుకు రావడానికి నాకు పెద్ద దూరం అనిపించదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ తన లోతు సముద్రపు బావుల నుంచి తొలి చమురు తీసింది. ఆ క్షేత్రాల గ్యాస్ పైపుల్లో వచ్చి చేరేది ఓడలరేవు టెర్మినల్‌కే. సముద్రం మీద ఉన్న ఆ వేదికలకు ఏ ఆపద వచ్చినా వెళ్ళగలిగినవి హెలికాప్టర్లు, ఓడలు. వాటి తరువాత, దూరం నుంచి పడవలనూ మనుషులనూ తెచ్చి వదిలే ఇలాంటి విమానాలే. అమెరికాతో కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ అభ్యాసం 2019లో మొదటిసారి విశాఖ, కాకినాడల్లో జరిగింది. 2025 ఏప్రిల్‌లో జరిగినప్పుడు వాయుసేన సి-130 కూడా పాల్గొంది, కాకినాడ తీరాన సైనికులు ఓడల నుంచి దిగారు. కాకినాడ నుంచి ఓడలరేవు గాలిదారిన 70 కిలోమీటర్ల లోపే.

కానీ కోనసీమ మనిషిగా నాకు దొంగల కన్నా, యుద్ధం కన్నా ముందు గుర్తొచ్చేది తుఫాను. 1996 నవంబర్ 6 రాత్రి ఈ లంకల మీద పడిన గాలికి వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. రోడ్లు చెట్లతో మూసుకుపోయాయి, కాలువలు పొంగాయి. మూడు పాయల మధ్య ఉన్న ఈ నేలకు వంతెనే దారి. వంతెనకు పోయే రోడ్డు మూసుకుపోతే ఇది ద్వీపం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయం పైకప్పునే ఎత్తుకుపోయింది. దీపాలు, రాడార్, టవర్ పనిచేయని చోట దిగగలిగే విమానం అప్పుడు ప్రాణాధారం. వాదీ సెయిద్నాలో వాడిన విద్యే ఇక్కడా కావాలి. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు సి-130జె ధరాసు అనే చిన్న పట్టీ మీద దిగి, హెలికాప్టర్లకు ఇంధనం దించి వచ్చింది. 1980లో ఇరాన్ ఎడారిలో విఫలమైన పని అది. హిమాలయంలో మనవాళ్ళు యాత్రికులను బతికించడానికి చేసి చూపించారు.

ఇంకో మార్పు గురించి కూడా చెప్పాలి. అమెరికన్ల దగ్గర హెర్క్యులిస్‌నే రేడియో స్టేషన్‌గా మార్చిన రకం ఒకటుండేది. యుద్ధంలో ప్రచారానికని చేశారు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు అదే విమానం పైన తిరుగుతూ, సహాయం ఎక్కడ దొరుకుతుందో జనానికి వాళ్ళ భాషలో చెప్పింది. మన తీరరక్షక దళం డోర్నియర్లు తుఫానుకు ముందు పడవల మీదుగా ఎగిరి, వెనక్కి పొమ్మని హెచ్చరించడం వేటకు పోయే ప్రతివాడికీ ఎరుకే. గొంతును మోసుకెళ్ళే విమానం తుపాకీని మోసుకెళ్ళే విమానం కన్నా ఈ తీరంలో ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

మరి దిగే చోటు? అప్పటి బాపట్ల జిల్లాలో కొరిశపాడు, పిచ్చికలగుడిపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారినే 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పట్టీగా చేశారు. 2022 డిసెంబర్ 29న మొదటి పరీక్ష జరిగింది. 2024 మార్చి 18న యుద్ధవిమానాలు దాని మీదుగా కిందికొచ్చి పోతే, ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్ళీ లేచాయి. మంచి పని. కోనసీమలోనూ 216వ నంబరు రహదారి మీద అలాంటిది కట్టాలని కొందరు అంటారు. నేను దానికి ఒప్పుకోలేను. ఇక్కడ రోడ్డుకు అటూ ఇటూ ఇళ్ళు, కొబ్బరి చెట్లు, అడుగడుక్కీ కాలువ వంతెన. నాలుగు కిలోమీటర్ల తిన్నటి ఖాళీ కావాలంటే ఎందరి తోటలు పోవాలో. పెద్ద విమానానికి రాజమహేంద్రవరం దగ్గర మధురపూడి విమానాశ్రయం ఉంది, ఓడలరేవు నుంచి గాలిదారిన 80 కిలోమీటర్ల లోపే. తుఫాను రాత్రి ఆ రన్‌వే దీపాలు పోయినా దిగడానికి ఏర్పాటు ఉంటే చాలు.

నీటి మీద దిగే విమానాల మాట కూడా వినిపిస్తోంది. 2024 నవంబర్ 9న విజయవాడ కృష్ణా నది నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. జపాన్ యుఎస్-2 విమానం సముద్రం అలల్లో కూడా దిగగలదు, దాని కొనుగోలు మీద మనవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడారు గాని కొనలేదు. నది మీద చిన్న విమానం వేరు, మొగ దగ్గర విరిగే అలల మీద వేరు. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కరలేదు.

కాబట్టి మన తీరానికి మిగిలిన దారి పైనుంచి వదలడం: పడవలు, మనుషులు, మందులు, తాగునీళ్ళు. దానికి కావలసింది కాంక్రీటు కాదు. ఏ మొగలో ఏ నెలలో ఎంత లోతు, ఏ దిబ్బ గట్టిది, ఏది దిగబడుతుంది, పాటు నీళ్ళు ఎంత జోరుగా లాగుతాయి, ఏ సరుగుడు తోట వెనక ఖాళీ ఉంది అన్న లెక్క. వైనతేయ మొగ, అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగ, వాటి మధ్యనున్న ఇసుక మేటలు ఏటా కదులుతాయి. ఒకసారి సర్వే చేసి బీరువాలో పెట్టిన పటం ఇరాన్ ఎడారిలోని మట్టి నమూనా లాంటిదే. ఈ లెక్క ఓడలరేవు, కరవాక, అంతర్వేది వేటగాళ్ళ నోట ఏ రోజుకారోజు తాజాగా ఉంటుంది. లేహ్‌లో సోనమ్ నోర్బు ఎలాంటివాడో ఇక్కడ వాళ్ళు అలాంటివాళ్ళు.

నౌకాదళానికీ, వాయుసేనకూ, జిల్లా యంత్రాంగానికీ నా విన్నపం ఒక్కటే. తీర రక్షణ కోసం సీ విజిల్ పేరుతో చేసే అభ్యాసాల్లో మత్స్యకారులకు ఇప్పటికే చోటుంది. వచ్చే అభ్యాసంలో ఒక్క రోజు వైనతేయ మొగ దగ్గర పడవలను పైనుంచి వదిలి చూడండి. ఒడ్డున ఊరివాళ్ళను నిలబెట్టండి. ప్రతి ఏడూ అక్టోబర్ తుఫానులకు ముందు మొగల లోతు వాళ్ళతో కలిసి కొలిపించి, ఆ కాగితం ఒకటి అమలాపురం కలెక్టరేట్‌లో, ఒకటి విశాఖలో, ఒకటి పానాగఢ్‌లో పైలట్ల చేతిలో ఉండేలా చూడండి.